నాలుగింటి లాంచీ

అమెరికాలోని చాండ్లర్‌లో మనవాళ్ళున్న వీధుల్లోకి వెళ్ళి కృష్ణకుమారి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఊకొట్టే అమ్మమ్మ ఇల్లెక్కడంటే మాత్రం నెలల పిల్లని చంకనేసుకున్న కోడలైనా సరే వేలు పెట్టి చూపిస్తుంది. ఆ దేశంలో చెప్పుకునేవాళ్ళు కొల్లలు, వినేవాళ్ళకే కరువు. ఎదుటి మనిషి రెండు మాటలు చెప్పేలోపే చెయ్యి ఫోను మీదకి పోతుంది. కృష్ణకుమారి అలా కాదు. గరాజ్ ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, "ఊ... ఊ..." అంటుంది. ఉద్యోగం పోయిన పిల్లాడు వచ్చి వీసాకి ఇంక అరవై రోజులే ఉందని చెప్పుకున్నా ఊ కొడుతుంది, అత్తగారితో పడని పిల్ల ముక్కు చీదుకున్నా ఊ కొడుతుంది. వీసా సంగతి ఆవిడకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఎక్కడ గొంతు తగ్గిందో, ఎక్కడ మాట మింగారో కనిపెట్టి సరిగ్గా అక్కడ ఊ పడెయ్యాలి, అంతే. ఐదో క్లాసుతో బడి మానేసిన మనిషికి వచ్చిన ఆ విద్య, పెద్ద చదువులు వెలగబెట్టిన వాళ్ళకి ఒక్కళ్ళకీ రాలేదు.

అందరివీ వింటుంది గానీ తనది ఏనాడూ విప్పదు. ఆవిడ కాపురం చేసింది ఎదురుమొండిలో. కృష్ణ సముద్రంలో కలిసే చోట నాలుగు వైపులా నీళ్ళున్న దీవి. ఉప్పు కావాలన్నా, డాక్టరు కావాలన్నా పంటు ఎక్కి ఏరు దాటాల్సిందే. పంటంటే బల్లకట్టులాంటిది, మనుషులూ గేదెలూ సైకిళ్ళూ అన్నీ దాని మీదే. ఆ ఊరి ఊసెత్తితే చాలు, "ఏముందిలే, ఉప్పు గాలి" అని మాట మార్చేసేది. కూతురు శ్రీవిద్యకి కూడా అంతకుమించి తెలియదు.

ఆ శ్రీవిద్య కూతురే వేద. పుట్టిందీ పెరిగిందీ చాండ్లర్‌లోనే. చిప్పుల కంపెనీలో మంచి ఉద్యోగం, రెండేళ్ళ కిందట దాన్ని కాదనుకుని డాక్యుమెంటరీ తీస్తానని కూర్చుంది. డాక్యుమెంటరీ అంటే పాటా ఫైటూ లేని సినిమా, ఉన్నవాళ్ళని ఉన్నట్టు చూపించేది. తండ్రి నెల రోజులు దానితో మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఏం, అన్నం తన పళ్ళెంలో తనే వడ్డించుకోవాల్సి వచ్చి మళ్ళీ మాట్లాడాడు.

ఆ సినిమా దేని మీదంటే, పోర్టో రికో మీద. సముద్రం మధ్య దీవులు. జెండా అమెరికాదే, పాస్‌పోర్టూ అమెరికాదే, కానీ అమెరికా ప్రెసిడెంటుకి వాళ్ళు ఓటు వెయ్యలేరు. పెళ్ళికి పిలుస్తారు గానీ పంక్తిలో కూర్చోబెట్టరు, అలాగన్నమాట. 2024 నవంబరు ఐదున అక్కడి జనాన్ని అడుగుతున్నారు: పూర్తిగా అమెరికాలో రాష్ట్రం అయిపోతారా, సొంత దేశం అయిపోతారా, లేకపోతే విడిగా ఉంటూనే స్నేహంగా చెయ్యి పట్టుకుని ఉంటారా? ఆ ఓటుతో తెల్లారేసరికి ఏదీ మారదట, అయినా ఇంటింటా అదే గొడవ. వేద పెద్ద దీవిలో లీడర్లని ఆరుగురిని తీసింది. ఆరుగురూ మైకు కనపడగానే ఉపన్యాసం దంచారు. ఆ ఆరు ఉపన్యాసాలూ చూసి శ్రీవిద్య సోఫాలోనే గుర్రుపెట్టింది.

"చిన్న దీవులకి వెళ్ళాలి, అక్కడ నిజం మనుషులు ఉంటారు" అంది వేద. కూడా సౌండు రికార్డు చెయ్యడానికి లోకేష్ వస్తానన్నాడు. వేదతో పాత ఆఫీసులో పనిచేసిన వరంగల్ పిల్లాడు, బుద్ధిమంతుడు, లీవు పెట్టుకుని స్నేహం కొద్దీ వచ్చాడు. అయినా ఆడపిల్లని ఒక్కదాన్ని ఎలా పంపడమని శ్రీవిద్య పేచీ పెడితే, "నేనెళ్తానే, నోర్ముయ్" అని కృష్ణకుమారి సూట్‌కేసు సర్దుకుంది. డెబ్బై రెండేళ్ళు. మోకాళ్ళకి పట్టీలు. వెనక్కి తగ్గే మనిషి కాదు.

ముందు కులేబ్రా అనే చిన్న దీవికి వెళ్ళారు, అక్కడ మూడు రోజులు. తర్వాత ఓట్లకి ఇంక రెండు రోజులుందనగా, ఆదివారం పొద్దున్న, వియేకెస్ అనే దీవికి పడవెక్కారు. అమెరికా నేవీ వాళ్ళు అరవై ఏళ్ళపాటు బాంబులు వేసి ప్రాక్టీసు చేసుకున్న దీవి అది. ఆ పడవని అక్కడివాళ్ళు 'లాంచ' అంటారు. ఆ మాట చెవిన పడగానే కృష్ణకుమారి రైలింగు పట్టుకుని నిలబడిపోయింది. తమ దీవికి అవతలి ఒడ్డున, నాగాయలంక రేవులో లాంచీ అనేవాళ్ళు. భూమికి అవతలి కొసకొచ్చినా వదల్లేదు ఆ మాట.

వియేకెస్‌లో వాళ్ళు కలవాల్సింది డోన్యా ఎర్మీనియాని. ఎనభై ఏడేళ్ళ ముసలావిడ, చేప ఎండేసినట్టు పలచగా ఉంటుంది. డోన్యా అంటే అక్కడ పెద్దావిడని మర్యాదగా పిలవడం. ఇన్నేళ్ళలో ఏ కెమెరా ముందూ నోరు విప్పని మనిషి. వేద స్పానిష్‌లో నాలుగు నెలలు ఫోన్లు చేసి చేసి ఒప్పించింది. ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది.

"ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే కుదురుతుంది. మా రఫాయేల్ పెద్ద దీవికి వెళ్తాడు, నాలుగింటి లాంచీకి తిరిగొస్తాడు. వాడొచ్చేలోపు నువ్వు నా గుమ్మంలో ఉండకూడదు. నేను చెప్పేది వాడి చెవిన పడకూడదు."

రఫాయేల్ ఆవిడ కొడుకు. సైన్యంలో పనిచేసి వచ్చాడు. రాష్ట్రం అయిపోదామని ఊళ్ళో గడపగడపా తిరుగుతున్న మనిషి.

ఆ ఒక్క మధ్యాహ్నం దొరక్కపోతే వేద సినిమాకి ప్రాణం లేదు. రెండేళ్ళు బూడిదలో పోసినట్టే. ఆ సంగతి కృష్ణకుమారికి ఎవరూ చెప్పలేదు, పిల్ల పెదవులు కొరుక్కోవడం చూసి తనే తెలుసుకుంది.

చూడబోతే లోకేష్ లాంచీలోనే వాంతులు చేసుకుని గుడ్లు తేలేశాడు. డోన్యా ఇంటి వరండాలో ఊయల మంచంలో వాలిపోయి, "అమ్మమ్మా, నాతోని అయితలేదు. తల గిర్రున తిరుగుతున్నది" అన్నాడు.

వేద వాచీ చూసుకుంది. పన్నెండున్నర. "అమ్మమ్మా, మైక్ నువ్వు పట్టుకోవాలి. కదలకూడదు. చెయ్యి నొప్పి వస్తే కూడా."

మైకంటే పొడుగాటి గెడ చివర పిల్లితోక తొడిగినట్టు బొచ్చు. "దీనికేం తక్కువే," అంది కృష్ణకుమారి. "నీ అంత ఉన్నప్పుడు ఏట్లో పడవకి గెడేసినదాన్ని."

వేద ఇల్లంతా కలయజూసి శబ్దాలు వేటాడింది. గోడ గడియారం తీసి దుప్పట్లో చుట్టింది. పెరట్లో కోడిపుంజుని గంప కింద పెట్టించింది. చివరికి వంటింట్లో ఫ్రిజ్జు కూడా ఆపి, రేవులో అద్దెకి తీసుకున్న కారు తాళాలు అందులో పెట్టింది. అదేంటే అంటే, "మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోకుండా అమ్మమ్మా. కీస్ కోసం ఫ్రిజ్ ఓపెన్ చేస్తాం కదా, అప్పుడు గుర్తొస్తుంది" అంది. సినిమావాళ్ళ కిటుకట. బాగానే ఉంది.

డోన్యా కుర్చీలో కూర్చుంది. వేద కెమెరా వెనక నిలబడి ఏదో అడిగింది. ముసలావిడ ఒక ముక్క చెప్పింది, ఆగింది. వేద మాట్లాడలేదు, మాట్లాడకూడదు, అలా నేర్పారు వాళ్ళకి. ముసలావిడ ఆ నల్లటి అద్దం వైపు చూసింది, చేతులు నలుపుకుంది, ఇంకో ముక్క చెప్పింది, మళ్ళీ ఆగింది. పది నిమిషాలు ఇదే వరస. తర్వాత ఆవిడ చూపు పక్కకి తిరిగి, చీర కుచ్చెళ్ళు దోపుకుని గెడ పట్టుకుని నిలబడ్డ కృష్ణకుమారి మీద ఆగింది. ఇద్దరు ముసలమ్మలూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముసలావిడ గొంతు దిగింది.

ఇంక అక్కడి నుంచి గట్టు తెగింది. ఏం చెబుతోందో కృష్ణకుమారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. లాంచ, లాంచ అని మాత్రం పదేపదే వినపడింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుంది. నెత్తి మీది పొద్దు చూపించింది, తర్వాత వాలిన పొద్దు చూపించింది. సముద్రం వైపు చూసి చూసి కళ్ళు మూసుకుంది. నలభై నిమిషాలు గెడ ఒక్క అంగుళం వాలలేదు.

కెమెరా ఆపగానే వేద అమ్మమ్మ మెడ వాటేసుకుంది. "వచ్చింది అమ్మమ్మా, వచ్చేసింది!"

అప్పటికి కాస్త తేరుకున్న లోకేష్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వచ్చిందేదో విందామని మిషను నొక్కాడు. వాడి మొహం మళ్ళీ పాలిపోయింది, ఈసారి సముద్రం వల్ల కాదు.

"వేదా, జర ఇటు రా. ఇది విను."

విన్నది. డోన్యా గొంతు మీద, ప్రతి మాట చివరా, గొంతు వణికిన ప్రతి చోటా, బావిలోంచి వచ్చినట్టు... ఊ. ఊ. ఊ.

పుట్టిన్నాటి నుంచి వింటున్న ఊ అది. వేద చెవికి అది గాలితో సమానం, అందుకే గదిలో వినపడలేదు. కోడిని ఆపారు, గడియారాన్ని ఆపారు, ఫ్రిజ్జుని కూడా ఆపారు గానీ అమ్మమ్మని ఆపడం మర్చిపోయారు.

"తీసెయ్యలేవా?" అంది వేద.

"ఎట్ల తీస్తం? ఆమె మాట మీదనే పడ్డది. ఇది తీస్తే అది గూడ పోతది."

వేద అమ్మమ్మ వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు, గొంతులో నిప్పులు. "ఎందుకు అమ్మమ్మా? నీకు అర్థం కూడా కాదు కదా! ఆమె ఏం చెప్పిందో తెలుసా? వాళ్ళ పాప చచ్చిపోయింది. డాక్ మీద. పెద్ద ఐలాండ్‌లో హాస్పిటల్‌కి తీసుకెళ్దామంటే లాంచ్ రాలేదు. ఆరు గంటలు వెయిట్ చేసింది. చేపల బోట్ అతను తీసుకెళ్తాను అన్నాడు, ఈమే అలలకి భయపడి లాంచ్ వస్తుందిలే అంది. ఆ పాప తర్వాత పుట్టాడు రఫాయేల్. పాప ఫీవర్‌తో ఇంట్లోనే పోయింది అని అతనికి చెప్పింది. యాభై ఐదు ఇయర్స్ ఎవరికీ చెప్పలేదు. ఫస్ట్ టైమ్ ఇప్పుడు చెప్తే దాని మీద నీ ఊ!"

ఇంకో రోజైతే ఆ పిల్ల అలా అరిచినందుకు చెంప పగిలేది. కృష్ణకుమారి గెడని గోడకి ఆనించి, కొంగు బిగించుకుని ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం వేద అంతకుముందు చూడలేదు.

రెండున్నర అయింది. వేద బతిమాలింది. ఇంకోసారి చెప్పమని ఎలా అడగాలో తెలియకపోయినా అడిగింది. డోన్యా చాలాసేపు గుమ్మం వైపు చూసింది. "చెబుతాను. ఆవిడ మాత్రం ఇక్కడే ఉండాలి" అని కృష్ణకుమారిని చూపించింది.

ఈసారి గెడ లోకేష్ పట్టుకున్నాడు. కృష్ణకుమారిని ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. నోట్లోంచి చప్పుడు రాకూడదు. ఆవిడ కొంగు ఉండచేసి పళ్ళ మధ్య పెట్టుకుంది. డెబ్బై రెండేళ్ళ అలవాటు, దగ్గు కంటే గట్టిది. ఊ గొంతు దాకా వస్తోంది, మింగుతోంది. తల ఊపింది, కళ్ళతో చెప్పింది. లాభం లేదు. డోన్యా నాలుగు మాటలు పేపరు చదివినట్టు చెప్పి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగింది. మూడు. మూడుంబావు. వేద నుదుట చెమట ధార కట్టింది. డోన్యా అందాకా చెప్పింది కూడా మర్చిపోయినదానిలా వేద వంక చూసి ఏదో అంది.

"ఏమంటున్నది?" అన్నాడు లోకేష్ గుసగుసగా.

వేద కెమెరా మీంచి తలెత్తకుండా చెప్పింది. "తను అమ్మమ్మకి కోపం తెప్పించిందా అని అడుగుతోంది. ఇందాక మనిషిలా పలికింది, ఇప్పుడు గోడలా ఉంది. గోడకి చెప్పడానికి ఇన్నేళ్ళు ఆగానా, అంటోంది."

మూడున్నర. దూరంగా సముద్రం మీద తెల్లటి చుక్క కనపడింది. లాంచీ.

వేద ఆ చుక్కని చూసింది, కెమెరాని చూసింది, కొంగు కొరుకుతున్న అమ్మమ్మని చూసింది.

"ఊ అను అమ్మమ్మా."

కృష్ణకుమారి కొంగు తీసింది. "నీ సినిమా పాడవుతుందిగా?"

"పోనీ. నువ్వు అను."

"ఇప్పుడు కావాల్సొచ్చిందా ముసలిదాని ఊ?" అంది, పౌరుషం ఎక్కడికి పోతుంది. కానీ పీట ముందుకి లాక్కుని, డోన్యా మోకాలికి తన మోకాలు ఆనించి కూర్చుంది. "ఊ... చెప్పు తల్లీ" అంది తెలుగులోనే.

ముసలావిడ చెప్పింది. ఈసారి మొదట్లోలాగా ఏడుస్తూ కాదు, నెమ్మదిగా, పక్కింటావిడకి చెప్పినట్టు. మళ్ళీ చేతుల్లో పిల్ల, మళ్ళీ నెత్తిన పొద్దు. కృష్ణకుమారి ఊ కొట్టింది. డోన్యా ఆరు వేళ్ళు లెక్కపెట్టింది. ఊ. చేపల పడవ వైపు చెయ్యి చూపించి, వద్దని తల తిప్పిన దగ్గర ముసలావిడ గొంతు పూర్తిగా ఆగిపోయింది. అక్కడ కృష్ణకుమారి ఊ అనలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుంది. చాలాసేపు అయ్యాక అంది, "ఊ." అప్పుడు కథ మళ్ళీ కదిలింది.

లాంచీ కూత వినపడింది. లోకేష్ వేద వైపు చూశాడు. వేద వాచీ చూడలేదు. రేవు నుంచి ఇంటికి పది నిమిషాల దారి, ఆ సంగతి అందరికీ తెలుసు, డోన్యాకి అందరికంటే ఎక్కువ తెలుసు. ఆవిడ ఆగలేదు. వేద ఆఖరి ప్రశ్న అడిగింది, మరి మంగళవారం ఓటు దేనికి వేస్తారని. ముసలావిడ తిన్నగా జవాబు చెబుతోంది.

వంటింట్లో ఏదో గలగలమంది.

అందరూ తిరిగి చూశారు. పెరటి గుమ్మంలోంచి ఎప్పుడు వచ్చాడో, రఫాయేల్ ఫ్రిజ్జు తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. చంకలో రొట్టె, చేతిలో కారు తాళాలు. ఫ్రిజ్జులో దీపం వెలగలేదు. మనిషి ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఆపండి దాన్ని" అన్నాడు. స్పానిష్ రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా అన్నాడు. వేద చెయ్యి మీట మీదకి వెళ్ళింది.

"ఆపకు" అంది డోన్యా.

రఫాయేల్ గదిలోకి వచ్చాడు. యాభై దాటిన మనిషి, గుమ్మానికి సరిపడా ఉన్నాడు. లోకేష్ రెండడుగులు వెనక్కి వేశాడు. కృష్ణకుమారి కదల్లేదు, పట్టుకున్న చెయ్యీ వదల్లేదు. తల్లీ కొడుకూ మాట్లాడుకున్నారు, రెండేసి మాటలే. ఆ మాటలు వేద తర్వాత చెప్పింది.

"జ్వరమన్నావు."

"అన్నాను. రావాల్సిన రోజు లాంచీ రాలేదు. రాకూడదనుకున్న ఇవాళ టైముకి వచ్చి చచ్చింది."

"సొంత దేశానికి వేస్తావా నువ్వు?"

"మా లాంచీ ఎప్పుడు కదలాలో ఎక్కడో కూర్చున్నవాళ్ళు చెప్పకూడదు. అందుకు వేస్తాను."

రఫాయేల్ రొట్టె బల్ల మీద పెట్టాడు. కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పాడు, మళ్ళీ కట్టుకున్నాడు. "నేను రాష్ట్రం రాష్ట్రం అని తిరిగేదీ ఆ లాంచీ కోసమే అమ్మా. రాష్ట్రమైతే దాన్ని అడిగే హక్కొస్తుందని" అన్నాడు.

"అయితే నీ ఓటు నువ్వు వేసుకో" అంది తల్లి. వాడి వైపు పూర్తిగా తిరిగి, "పాప పేరు నీకెప్పుడూ చెప్పలేదు కదూ?" అంది.

వేద అప్పుడు కెమెరా ఆపింది. ఎవరూ ఆపమనలేదు. ఆ పేరు వాళ్ళది.

వీళ్ళు వెళ్ళేటప్పుడు రఫాయేల్ ఫ్రిజ్జు ఆన్ చేసి, తాళాలు తెచ్చి కృష్ణకుమారి చేతిలో పెట్టాడు. ఇంతసేపూ పట్టుకున్న చేతి వేడికి వెచ్చగా ఉన్నాయి. వేద గుమ్మంలో నిలబడి, ఇది సినిమాలో ఉంచమంటారా తీసెయ్యమంటారా అని డోన్యాని అడిగింది. "ఉంచుకో పిల్లా. ఇంక ఎవరి దగ్గర దాచాలి" అందావిడ.

ఐదింటి లాంచీ ఎక్కారు. లోకేష్ కళ్ళు మూసుకుని కుర్చీల వరసకి అడ్డంగా పడుకున్నాడు. వేద సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, నేను అరిచాను. సారీ."

"నీ నోరు మీ నాన్న నోరు" అంది కృష్ణకుమారి. "నా ఊ నీ సినిమాలో వినపడుతుందా?"

"ఫుల్‌గా. అదీ ఆమె గొంతూ కలిసిపోయాయి. ఇంక విడదియ్యలేం."

"వినపడనీ. నేనేం బూతులు మాట్లాడానా."

లాంచీ రేవు వదిలింది. ఒడ్డు చిన్నదవుతోంది. కృష్ణకుమారి రేవు మీద నిలబడ్డవాళ్ళనే చూస్తోంది. ఒకావిడ పసిపిల్లని భుజాన వేసుకుని ఎటూ వెళ్ళకుండా ఊరికే నిలబడి ఉంది.

"ఆ మిషను పనిచేస్తోందా?"

"లేదు అమ్మమ్మా. ఆఫ్‌లో ఉంది."

"ఫోనో?"

వేద ఫోను తీసి సంచీలో అడుక్కి తోసేసింది.

కృష్ణకుమారి గొంతు సవరించుకుంది. చిక్కుడుకాయలు లేవు, చేతులకేం పని చెప్పాలో తెలియక మోకాలి పట్టీ సర్దుకుంది.

"మీ అమ్మకంటే ముందు ఒకడు పుట్టాడే నాకు. రెండో ఏడు నిండింది. ఆ రోజు పంటు అవతలి ఒడ్డున ఉంది..."

"ఊ" అంది వేద.

ఆ ఊ కొంచెం తొందరపడింది, పడాల్సిన చోట పడలేదు. కృష్ణకుమారి దాన్ని సరిదిద్దలేదు. చెప్పుకుంటూ పోయింది.